అతుకు మీద పువ్వు



కుట్టుపని గూర్చి మాకు తరచుగా ఉత్తరాలు వస్తుంటాయి. జాకెట్టు చేతులు బిగుసుకుపోతున్నాయనీ, ఫాల్ కుట్టిన చీర ముడతలు పడుతోందనీ అడిగేవారే ఎక్కువ. ఈసారి ఒక సోదరి వ్రాసిన సంగతి మాత్రం కుట్టుతో తీరేది కాదు. ఆమె కుమారుడు ఏడవ తరగతి చదువుతున్నాడు. యూనిఫాం ప్యాంటు మోకాలి దగ్గర చిరిగితే, అదే రంగు గుడ్డ వెదికి తెచ్చి, శుభ్రంగా అతుకు వేశారట. కుట్టు చక్కగానే కుదిరింది. అయినా పిల్లవాడు రెండు రోజులు బడికి వెళ్ళనని మొండికేశాడు. "క్రొత్త ప్యాంటు కొనే స్థితి ఇప్పుడు లేదు. మ్యాచింగ్ సెంటర్లో ఎంబ్రాయిడరీ చేసిన ప్యాచ్‌లు అమ్ముతున్నారు, అతుకు మీద అలాంటిది ఒకటి వేస్తే వాడు ఒప్పుకుంటాడంటారా? అతుకు బట్ట వేసుకోవడం అంత సిగ్గుపడవలసిన విషయమా?" అని అడుగుతున్నారు.

మొదట చెప్పవలసిన మాట ఒకటుంది. అమ్మా, వాడిని కోప్పడకండి. పన్నెండేళ్ళ పిల్లవాడికి తరగతి గదిలో నలుగురి చూపులూ తన మోకాలి మీద పడడం చిన్న విషయం కాదు. "మా కాలంలో మేము ఇలాంటివే వేసుకున్నాం" అని మనం చెప్పే మాట వాడి చెవికెక్కదు. వాడి సిగ్గు వాడి తెలివితక్కువ కూడా కాదు, మన దగ్గర నేర్చుకున్నదే. పొందిక లేని పనిని దేనినైనా మనం "అతుకుల బొంత" అని తీసిపారేస్తాం. పిల్లలు అది వింటూనే పెరుగుతారు.

నిజానికి బొంత అంటే ఏమిటి? నాయనమ్మలు, అమ్మమ్మలు చీకిపోయిన చీరెలను పొరలు పొరలుగా పరచి, బాగా చిరిగిన చోట్ల మిగతా ముక్కలు సర్ది, పై నుండి క్రిందికి సన్నని పరుగు కుట్టు వేసుకుంటూ పోయేవారు. ఎన్నోసార్లు ఉతికిన నూలు కాబట్టి క్రొత్త గుడ్డకు లేని మెత్తదనం దానికి ఉండేది. అందుకే పురిటి బిడ్డను దాని మీదనే పడుకోబెట్టేవారు. అతుకుల బొంత అని తిట్టే నోళ్ళన్నీ ఒకప్పుడు ఆ బొంత మీద పాలు త్రాగినవే గదా అనిపిస్తుంది మాకు. బెంగాలువారు ఇదే పనిని కాంథా అన్నారు, జపానువారు బోరో అన్నారు. వాళ్ళ పాత బొంతలు ఈనాడు మ్యూజియంలలో అద్దాల వెనుక ఉన్నాయి. మన బొంతలు మాత్రం అటక మీదికీ, కుక్కపిల్ల క్రిందికీ పోయాయి.

అతుకు అనే మాటకు మనకు మరొక మంచి పదం ఉంది, మాసిక. ఈ పత్రిక చదివేవారికి ఆ మాట వినగానే సువార్తలో పాత బట్టకు క్రొత్త గుడ్డ మాసిక వేయడాన్ని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానం జ్ఞాపకం రాక మానదు. దాని ఆత్మీయార్థం బోధకులు చెబుతారు. మేము కుట్టుపని వైపు నుండి ఒక్క మాట చెబుతాం. ఆ మాట చెప్పినవారికి కుట్టుపని జరిగే ఇల్లు తెలుసు. ఉతకని క్రొత్త నూలుగుడ్డ మొదటిసారి నీళ్ళలో పడగానే ముడుచుకుంటుంది. పాత బట్ట ముడుచుకోవలసినదంతా ఎప్పుడో ముడుచుకుని ఉంటుంది. మధ్యలో అతికిన ముక్క నాలుగు వైపులా లాగితే, నీరసించిన పాత పోగులు కుట్టు వెంబడే తెగుతాయి. చినుగు మునుపటికంటె పెద్దదవుతుంది. ఇప్పటికీ మాసిక పాడయ్యేది ఎక్కువగా ఈ కారణం చేతనే. కనుక అతుకు వేయబోయే గుడ్డను ముందుగా వేడి నీళ్ళలో ఒక గంట నానబెట్టి, ఆరవేసి, ఇస్త్రీ చేసి, ఆ తరువాతే కత్తెర పెట్టండి.

యెహోషువ గ్రంథంలో గిబియోను వారి కథ కూడా చాలామందికి తెలుసు. దగ్గర ఊరివారే అయినా దూరదేశం నుండి వచ్చామని నమ్మించడానికి పాత బట్టలు కట్టి, మాసికలు వేసిన చెప్పులు తొడుక్కుని వచ్చారు. ఈమధ్య బజారులో మోకాళ్ళ దగ్గర కావాలని చింపి, పైన రంగురంగుల ప్యాచ్‌లు కుట్టి, మామూలు ప్యాంటుకంటె ఎక్కువ ధరకు అమ్ముతున్న జీన్సులను చూసినప్పుడల్లా మాకు ఆ కథే జ్ఞాపకం వస్తుంది. పడని ప్రయాసను పడినట్టుగా చూపించే బట్టలవి. వేసుకునే యువకులను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. అయితే ఒక సంగతి గమనించండి. ఆ సోదరి కుమారుడు సిగ్గుపడిన అతుకునే అదే పట్టణంలో మరొక కుర్రవాడు డబ్బిచ్చి కొనుక్కుంటున్నాడు. గుడ్డలో తేడా లేదు. ఒకడు ఏరుకున్నాడు, మరొకడికి వేరే దారి లేదు. తేడా అంతా అక్కడే ఉంది.

ఈ ప్యాచ్‌ల చరిత్ర చూసినా ఇదే కనబడుతుంది. మోచేతి దగ్గర తోలు ముక్క వేసిన కోట్లను సినిమాల్లో ప్రొఫెసర్ల పాత్రలకు తొడుగుతారు. మొదట అది అరిగిన చోట వేసిన మాసికే. తరువాత అరగకముందే వేయడం మర్యాద అయింది. సైనికుల భుజాల మీద కనిపించే డివిజన్ గుర్తుల సంగతి ఇంకా చిత్రమైనది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, అమెరికా సైన్యంలోని 81వ డివిజన్ వారు తమ భుజాలకు అడవి పిల్లి బొమ్మ కుట్టుకుని ఫ్రాన్సులో దిగారు. వీళ్ళకు ఈ ప్రత్యేకత ఎందుకని ఇతర దళాలవారు అభ్యంతరం చెప్పారు. సేనాధిపతి జనరల్ పెర్షింగ్ ఆ బొమ్మను తీయించకుండా, మిగతా డివిజన్ల వారిని కూడా ఒక్కొక్క గుర్తు ఏర్పాటు చేసుకోమన్నాడు. అలా ఆ సైన్యమంతటా భుజం ప్యాచ్‌లు వచ్చాయి. స్కౌటు పిల్లల చొక్కాల మీద కుట్టే బ్యాడ్జీలు మన బడుల్లోనూ చూస్తాం. ప్రథమ చికిత్స నేర్చితే ఒకటి, వంట నేర్చితే ఒకటి. అవి దుకాణంలో డబ్బిచ్చి కొంటే వచ్చేవి కావు, పని చేసి చూపించి తెచ్చుకోవాలి. అందుకే ఆ అరచేతిలో పట్టే గుడ్డ ముక్కను పిల్లలు అంత పదిలంగా దాచుకుంటారు.

అంతరిక్షానికి వెళ్ళినవారి కథ పిల్లలకు చెప్పదగినది. 1965లో అమెరికా సంస్థ నాసా తన వ్యోమగాములను వాహనానికి ముద్దుపేర్లు పెట్టనివ్వలేదు. జెమిని-5లో వెళ్ళవలసిన గోర్డన్ కూపర్, పీట్ కాన్రాడ్ ఇద్దరూ పేరు లేకపోతే పోనిమ్మని ఒక ప్యాచ్ కుట్టించుకుంటామన్నారు. పూర్వం అమెరికాలో పడమటి దిక్కుకు వలసపోయినవారి గుడారపు బండి బొమ్మ అందులో వేయించారు. ఎనిమిది రోజులు ఉండి తీరతాం, లేదా భంగపడతాం అనే అర్థం వచ్చే మాట కూడా బండి మీద వేయించారు. నాసా అధిపతి జేమ్స్ వెబ్‌కు ఆ మాట నచ్చలేదు. ఏదైనా లోపం వచ్చి ముందే దిగవలసి వస్తే లోకం నవ్వదా? చివరకు ప్యాచ్ ఉండవచ్చుగానీ పని ముగిసేదాకా ఆ అక్షరాలు కనబడకుండా గుడ్డ ముక్క కప్పాలన్నాడు. అతుకు మీద మరొక అతుకు అన్నమాట! వారు ఎనిమిది రోజులు పూర్తి చేసుకునే తిరిగి వచ్చారు. అప్పటి నుండి ప్రతి యాత్రకూ ఒక ప్యాచ్ అలవాటయింది.

మన దేశంలో కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లా 2003 జనవరిలో కొలంబియా నౌకలో చివరిసారిగా వెళ్ళినప్పుడు వారి ప్యాచ్ అంచు చుట్టూ ఏడుగురి పేర్లూ ఉన్నాయి. లోపల పావురం పేరు గల నక్షత్ర మండలాన్ని వేశారు. ఆ మండలం శాంతికీ, కొలంబియా పేరుకూ కూడా గుర్తుగా ఉంటుందని ఎంచుకున్నారట. ఫిబ్రవరి 1న వారెవరూ తిరిగి రాలేదు. ఆ ప్యాచ్ బొమ్మను చూసినప్పుడు ఏడు పేర్లూ ఒకసారి చదవకుండా మేము పుట త్రిప్పలేము.

ఇవన్నీ తమంతట తాము కోరి కుట్టుకున్నవారి సంగతులు. ఇతరులు బలవంతంగా కుట్టించినవి కూడా ఉన్నాయి. 1941 సెప్టెంబరులో హిట్లర్ ప్రభుత్వం జర్మనీలోని యూదులలో ఆరేళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ పసుపు రంగు నక్షత్రాన్ని ఎడమ రొమ్ము మీద గట్టిగా కుట్టుకోవాలని ఆజ్ఞ ఇచ్చింది. పిన్నుతో పెట్టుకుంటే చాలదు, కుట్టి తీరవలసిందే. తల్లులే తమ పిల్లల చొక్కాలకు వాటిని కుట్టారు. 1942లో ఫ్రాన్సులో ఆ నక్షత్రాల కోసం వారి బట్టల రేషను కూపను నుండే కోత వేశారు. ఇది హిట్లర్ క్రొత్తగా కనిపెట్టినదీ కాదు. 1215లో రోములో కూడిన లాటరన్ మహాసభ యూదులు, ముస్లిములు వేషంలో తేడాగా కనబడాలని తీర్మానించింది. 1269లో ఫ్రాన్సు రాజు తొమ్మిదవ లూయీ యూదుల బట్టల మీద గుండ్రని పసుపు గుడ్డ ఉండాలన్నాడు. ఆ రాజును తరువాత పరిశుద్ధుల జాబితాలో చేర్చారు. సంఘ చరిత్రలో ఇటువంటి పుటలను దాచిపెట్టుకోవడం వల్ల మనకు మేలేమీ లేదు. పిల్లలకు రాజుల మంచి పనులు చెప్పేటప్పుడు ఇదీ చెప్పాలి.

ఇంత దూరం ఎందుకు వెళ్ళామంటే, ఆ సోదరి అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. అమ్మా, ముందు మీ అబ్బాయిని కూర్చోబెట్టుకుని అడగండి. నీ ప్యాంటును ఎలా బాగుచేయమంటావు? బొమ్మ కనబడాలా, అసలు అతుకే కనబడకూడదా? ఏ పద్ధతి అయినా వాడు ఏరుకోవాలి. మీరే మురిపెంగా ఒక సీతాకోకచిలుకను కుట్టి రేపు వేసుకుపొమ్మంటే, మొదటి అతుకుకంటె అదే వాడికి ఎక్కువ కష్టం కావచ్చు.

పైగా అది యూనిఫాం. రంగుల బొమ్మ వేస్తే బడిలో ఒప్పుకోకపోవచ్చు. బడి ప్యాంటుకు మేము చెప్పేది ఇది. చినుగు అణా బిళ్ళంత కూడా లేకపోతే అతుకే వద్దు, రఫ్ఫు చేయించండి. పెద్దదైతే గుడ్డను లోపలి వైపు నుండి పెట్టి, పై నుండి ప్యాంటు రంగు దారంతోనే దగ్గర దగ్గరగా గీతలు గీతలుగా పరుగు కుట్టు వేయండి. రెండవ మోకాలు బాగానే ఉన్నా దానికీ సరిగ్గా అలాగే వేయండి. ఒక వైపే ఉంటే చినిగిందని తెలుస్తుంది, రెండు వైపులా సమానంగా ఉంటే కుట్టించుకున్న తీరే అది అనుకుంటారు. పిల్లలు మోకాళ్ళ మీద కూర్చునే ఆటలే ఎక్కువ ఆడతారు గనుక రెండవది కూడా త్వరలో చిరగబోయేదే, ముందుగానే బలం చేకూరుతుంది. ఉపాధ్యాయులు ఎవరైనా తరగతిలో పిల్లల బట్టల గూర్చి నలుగురి ముందు మాట అన్నారని తెలిస్తే మాత్రం ఊరుకోవద్దు. బడికి వెళ్ళి ఒంటరిగా కలిసి మర్యాదగా మాట్లాడండి.

ఇక ఇంటి దగ్గర వేసుకునే బట్టలకు ఎంబ్రాయిడరీ ప్యాచ్ ఎంతో ఉపయోగం. కూర మరక పోని గౌను, సిరా పడిన చొక్కా జేబు, మేకు తగిలి చిరిగిన లంగా, వీటన్నిటినీ ఒక పువ్వో చేపపిల్లో కాపాడగలదు. ఒక తోబుట్టువు బట్ట మరొకరికి దిగినప్పుడు కూడా అంతే. "అక్క విడిచిన గౌను" అనే మాట చెల్లెలికి చేదుగా ఉంటుంది. దాని మీద ఆమె పేరు మొదటి అక్షరం కుట్టి ఇవ్వండి, అది ఆమె గౌను అవుతుంది. ఇంట్లో పెద్దవారికి చూపు మందగిస్తే, ఒకే రంగు తువ్వాళ్ళలో తమది తడిమి తెలుసుకోవడానికి మూలన ఉబ్బెత్తుగా కుట్టిన చిన్న ప్యాచ్ ఉపకరిస్తుంది. హాస్టలుకు వెళ్ళే పిల్లల దుప్పట్లకు కూడా ఇలాగే గుర్తు వేయవచ్చు. చాకలి వేసే సిరా గుర్తుకంటె ఇది చూడముచ్చటగా ఉంటుంది.

చేసే విధానం చెబుతాం. కుట్టవలసిన బొమ్మను నేరుగా చిరిగిన బట్ట మీద కుట్టకండి. వేరే గట్టి నూలుగుడ్డను ఫ్రేములో బిగించి దాని మీద కుట్టి, ఆ తరువాత కత్తిరించి అతకాలి. గుడ్డ మరీ పలుచగా ఉంటే అడుగున పాత చొక్కా కాలరులోని బక్రమ్ ముక్క వేసుకోవచ్చు. పూరేకులు నింపడానికి చాలామంది పొడుగాటి సాటిన్ కుట్టు వేస్తారు. చూడ్డానికి నిగనిగలాడుతుందిగానీ, మోకాలు, మోచేయి లాంటి రాపిడి చోట్ల ఆ పొడుగు దారాలు గాజుకో గోరుకో తగులుకుని లేచిపోతాయి. అటువంటి చోట్ల గొలుసు కుట్టు వరుసలు దగ్గరగా వేసి నింపండి. సాటిన్ కుట్టును జేబు మీదికో, భుజం మీదికో ఉంచుకోండి.

దారం రంగు దిగుతుందేమో ముందే చూసుకోవాలి. ఎరుపు, మెరూను రంగులను అసలు నమ్మకండి. దారపు ముక్కను తడిపి తెల్లగుడ్డ మధ్య పెట్టి ఇస్త్రీ పెట్టెతో నొక్కితే సంగతి బయటపడుతుంది. బొమ్మ పూర్తయ్యాక చుట్టూ అర అంగుళం గుడ్డ వదిలి కత్తిరించండి. మూలలు కోసుగా కాక గుండ్రంగా తిప్పండి. కోసు మూల మొదటి ఉతుకుకే లేస్తుంది, గుండ్రని అంచు అలా లేవదు. వదిలిన గుడ్డను లోపలికి మడిచి, టాకాలు వేసి, బట్ట మీద పెట్టి చూసుకోండి. ఇక్కడ ఒక సంగతి చాలామంది మరచిపోతారు. ప్యాచ్ గుడ్డ పడుగు, బట్ట పడుగు ఒకే దిక్కులో ఉండాలి. అడ్డదిడ్డంగా ఉంటే రెండూ రెండు వైపులకు సాగి మధ్యలో ఉబ్బు వస్తుంది. చివరగా చుట్టూ కాజా కుట్టు వేస్తే పని ముగిసినట్టే. చినుగు కంటె ప్యాచ్ ప్రతి వైపునా ఒక అంగుళమైనా పెద్దదిగా ఉండాలి. చినుగు అంచున ఉన్న పోగులు అప్పటికే నీరసించి ఉంటాయి గనుక వాటికి కుట్టు వేస్తే నిలువదు.

బజారులో దొరికే ప్యాచ్‌లు యంత్రం మీద తయారవుతాయి. స్విట్జర్లాండులో ఐజాక్ గ్రోబ్లి అనే ఆయన 1863 ప్రాంతంలో కనిపెట్టిన షిఫ్లీ యంత్రంతో ఈ పని పెద్ద ఎత్తున సాగింది. షిఫ్లీ అంటే వారి భాషలో చిన్న పడవ. దారం మోసే ఆ చిన్న సాధనం పడవ ఆకారంలో ఉంటుంది గనుక ఆ పేరు వచ్చింది. ఇప్పుడు మన పట్టణాల్లో కూడా కంప్యూటర్ ఎంబ్రాయిడరీ దుకాణాలు వెలిశాయి. బొమ్మలో ఎన్ని వేల కుట్లు పడతాయో లెక్కగట్టి ధర చెబుతారు. కాబట్టి అక్కడ చేయించుకునేవారు బొమ్మ నిండా దారం నింపించకుండా, రంగు గుడ్డ మీద గీతల బొమ్మ వేయించుకుంటే ఖర్చు చాలా తగ్గుతుంది. వి.బి.యస్. పిల్లలకు బ్యాడ్జీలు చేయించే సంఘాలవారు దీన్ని గమనించండి.

వెనుక జిగురు పూసి ఇస్త్రీతో అతికించే ప్యాచ్‌లు తొందర పనికి మంచివే. అయితే నైలాను, రెయిన్‌కోటు లాంటి బట్టల మీద ఆ వేడి పెట్టరాదు, బట్టే కరుగుతుంది. నూలు మీద కూడా కొన్ని ఉతుకులయ్యాక అంచులు లేస్తాయి. అతికించిన రోజే చుట్టూ నాలుగు హెమ్మింగు కుట్లు వేసుకుంటే ఆ బాధ ఉండదు. ఉతికేటప్పుడు బట్టను తిరగవేయండి, బండ మీద బాదకండి. ఇస్త్రీ కూడా వెనుక నుండే, క్రింద తువ్వాలు పరచి చేస్తే పువ్వు అణగిపోకుండా ఉంటుంది. ఒక జాగ్రత్త. ఇలాంటి ప్యాచ్‌ల దారం చాలావరకు పాలియెస్టరు, మంట తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. వంటింటి ఏప్రానుకు నూలు దారమే వాడండి. 1967లో అపోలో-1 అగ్నిప్రమాదంలో ముగ్గురు మరణించిన తరువాత, వ్యోమగాముల సూట్ల మీద దారంతో కుట్టిన ప్యాచ్‌లు మానివేసి, మంటకు తట్టుకునే గుడ్డ మీద అచ్చు వేయించారు.

బడి చొక్కా జేబు మీది బ్యాడ్జీని, చొక్కా పొట్టి అయినప్పుడు పారవేయకండి. బ్లేడుతో లోపలి వైపు దారం మాత్రం కోస్తే పై నుండి మెత్తగా ఊడివస్తుంది. క్రొత్త చొక్కాకు కుట్టుకోవచ్చు.

ప్యాచ్ పని గూర్చి మాట్లాడుతూ లంబాడీ స్త్రీలను తలచుకోకపోతే అన్యాయం. తెలంగాణ తండాలలో, అనంతపురం వైపు, ఎగువన కర్ణాటకలోని సండూరు ప్రాంతంలో వారి ఫేటియా, కాంచళి చూడండి. ఎరుపు, నీలం, పసుపు గుడ్డ ముక్కలు ఒకదాని ప్రక్క ఒకటి అతికి, అద్దాలు, గవ్వలు, బిళ్ళలు కుట్టి, మధ్యలో సందు లేకుండా దారంతో నింపుతారు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగిన జాతి. దారిలో దొరికిన ముక్కను వదలకపోవడం వారికి అవసరం, ఆ ముక్కలతోనే అంత వైభవం తెచ్చుకోవడం వారి గొప్పతనం. 2023 జులైలో హంపిలో జి-20 సమావేశాలు జరిగినప్పుడు, సండూరుకు చెందిన 450 మందికి పైగా లంబాడీ స్త్రీలు కుట్టిన 1755 ప్యాచ్ పనులను ఒకేచోట ప్రదర్శించారు. దానికి గిన్నిస్ రికార్డు వచ్చింది.

అదే సమయంలో మరొక వ్యాపారమూ నడుస్తోంది. తండాలలో పాత కాంచళ్ళను చవకగా కొని, ముక్కలుగా కోసి, హ్యాండ్‌బ్యాగులకూ జీన్సులకూ ప్యాచ్‌లుగా అతికి పట్టణాల్లో అమ్ముతున్నారు. ఒక తల్లి తన పెండ్లికూతురి కోసం నెలల తరబడి కుట్టినది అలా నాలుగు సంచులకు అలంకారమవుతుంది. వీలైతే అటువంటివి కొనకుండా, ఇప్పుడు కుట్టే స్త్రీల దగ్గరే క్రొత్తవి కొనండి. ధర ఎక్కువగా కనబడవచ్చు. ఆ డబ్బు కుట్టిన చేతికి చేరుతుంది.

కోత పండుగ అమ్మకాల కోసం ప్యాచ్‌లు కుడదామనుకుంటున్నామని రెండు చోట్ల నుండి స్త్రీల మైత్రి వారు వ్రాసి, ధర ఎంత పెట్టాలని అడిగారు. చాలా మంచి ఆలోచన. అయితే "తీరిక వేళల్లో కుట్టినదే గదా" అని పదికీ ఇరవైకీ ఇచ్చివేయకండి. ఈ మాట ఎంత నష్టం తెచ్చిందో నర్సాపురం చూస్తే తెలుస్తుంది. అక్కడి లేసు పని 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాల స్త్రీలు నేర్పగా మొదలైంది. గోదావరి లంకల్లో ఇంటింటా వ్యాపించి, విదేశాలకు ఎగుమతి అయింది. జర్మనీ పరిశోధకురాలు మరియా మీస్ అక్కడికి వచ్చి, ఆ స్త్రీల స్థితిని గూర్చి 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. రోజుకు గంటల కొద్దీ అల్లుతున్న స్త్రీలను పనివారిగా గాక ఊరికే ఇంట్లో కూర్చున్న గృహిణులుగా లెక్కగట్టి, తీరిక పని అనే పేరుతో అతి తక్కువ కూలి ఇచ్చారనీ, లాభం వర్తకులకు పోయిందనీ ఆమె చూపించారు. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. గుర్తింపుతో పాటు కూలి కూడా పెరగాలని కోరుకుందాం.

కనుక ధర ఇలా వేయండి. జేబంత పువ్వు ప్యాచ్ కుట్టడానికి మూడు గంటలు పట్టిందనుకుందాం. దానిని 40 రూపాయలకు అమ్మితే, గుడ్డకూ దారానికీ 10 పోగా 30 మిగులుతుంది, అంటే గంటకు 10 రూపాయలు. మీ ఊరిలో పొలం పనికి వెళ్ళిన స్త్రీకి గంటకు ఎంత వస్తుందో దానితో పోల్చుకుని, అంతకు తగ్గకుండా పెట్టండి. కొనేవారు బేరమాడతారు, ఆడనివ్వండి. ఒక చిన్న చీటీ మీద గుడ్డ ఇంత, దారం ఇంత, పట్టిన గంటలు ఇన్ని అని వ్రాసి ప్రతి ప్యాచ్‌కూ గుండుసూదితో గుచ్చి బల్ల మీద పెట్టండి. కుట్టినవారి పేరు కూడా వ్రాయండి.